ఆల్బమ్ పాటలో రుద్రమ్మ పేరు తప్పుగా పడింది, పెన్‌డ్రైవ్‌లు బయటికి పోయాయి. వీడియోలో ఏం చేయాలి?

కాజీపేట_క్లారినెట్:

అన్నలకు, అక్కలకు నమస్తే. ప్రశ్న చిన్నదే, దాని వెనక ముచ్చట కొంచెం పొడుగు. ఓపికుంటేనే చదవండి.

నేను పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. ఇరవై రెండేళ్లయింది. ముహూర్తాలు ఉన్నన్ని రోజులు బారాతులే బారాతులు, మూఢం వచ్చిందంటే ఇంట్లో కూర్చుని రీడు (క్లారినెట్ మూతికి బిగించే పలచటి పుల్ల) గీక్కోవడమే. మూడేళ్ల కింద అట్లాంటి మూఢంలోనే మా గల్లీ పిల్లలకు సైడ్ డ్రమ్ము పుల్లలు పట్టుకోవడం నేర్పించాను. పొద్దుపోక మొదలుపెట్టింది. ఇప్పుడు తొమ్మిది మందయ్యారు. ఇద్దరు సైడ్ డ్రమ్ము, ఒకడు డప్పు, ఒకామె కీబోర్డు, ఒకడు మరాకస్, ముగ్గురు పాడేవాళ్లు, ఏడో తరగతి పిల్ల ఒకామె క్లారినెట్. ఆ పిల్లకు మొదటి ఆరు నెలలు ఉంగరం వేలు రంధ్రం మీద సరిగా కూర్చునేది కాదు. గాలి పోయేది, క్లారినెట్ పిల్లి లెక్క అరిచేది. ఇప్పుడు నాకంటే శుభ్రంగా వాయిస్తుంది. మొహమాటం కోసం చెప్పట్లేదు.

పోయిన ఏప్రిల్‌లో ఏడు పాటలు రికార్డు చేశాం. అన్నీ సొంత పాటలే, రాసింది ఎక్కువ నేనే. మా బావమరిది ఇంటి మీద ఖాళీ గది ఉంటే గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను బందు చేసి, మూడు మైకులు పెట్టాం. ఎండాకాలం, ఫ్యాను లేదు, తొమ్మిది మంది పిల్లలు. ఎట్లుంటుందో మీరే అనుకోండి. పైగా కాజీపేట. రైలు కూత లేని పది నిమిషాలు దొరకాలంటే అదృష్టం ఉండాలి. ఐదో పాట చివర గూడ్సు బండి కూత అట్లనే ఉంచేశాం, శ్రుతిలో కలిసిందని పిల్లలు తీయనియ్యలేదు.

శ్రుతి అంటే యాదికొచ్చింది. మొదట్లో నా అలవాటు కొద్దీ ఒకటి శ్రుతిలో పెట్టాను. పిల్లలు గొణిగినట్టే పాడేవారు. వీళ్లకు సిగ్గేమో అనుకున్నాను. నాలుగు శ్రుతికి పెంచిన రోజు గొంతులు విచ్చుకున్నాయి. సిగ్గు కాదు, నా లెక్క తప్పు. నాలుగు శ్రుతి క్లారినెట్ పిల్లకూ మేలే అయింది. మాది బి-ఫ్లాట్ క్లారినెట్ కదా, కీబోర్డు కంటే ఒక స్వరం కిందికి పలుకుతుంది. కీబోర్డు నాలుగులో ఉంటే మాకు జి స్కేలు వస్తుంది, ఒక్క షార్పుతో, అంటే అర స్వరం పెంచిన నోటు ఒక్కదానితో పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మూడో పాట రామప్ప గుడి మీద. పల్లవి ఇది:

రుద్రమ్మ కట్టిన రామప్ప గుడిలో
రాళ్లకు రాగాలు నేర్పినదెవరో
నీళ్లల్ల తేలేటి ఇటుకను జూసి
నోరెళ్లబెట్టెను నా సోపతోడు

పాట అందరికీ నచ్చింది. పెన్‌డ్రైవ్‌లు నూట యాభై చేయించాం, నూట పన్నెండు పోయాయి. ఆడియో యూట్యూబ్‌లో కూడా పెట్టాం. జూలైలో హసన్‌పర్తి దిక్కు ఒక బడిలో పాడాం. చప్పట్లయ్యాక ఐదో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు కదా? రుద్రమదేవి కాదు కదా?" అంది. మా తొమ్మిది మందీ ఒక్కసారి నా మొహం చూశారు. నేను నవ్వి, "చూద్దాం బిడ్డా" అన్నాను. బస్సులో ఎవ్వరూ మాట్లాడలేదు.

నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. మా చిన్నప్పుడు కాకతీయులంటే రుద్రమ్మే. కోట రుద్రమ్మది, చెరువు రుద్రమ్మది, గుడి రుద్రమ్మది. తాళంలో కూడా ఆ పేరు మంచిగా కూర్చుంది. ఇంకెవరినీ అడగాలని తోచలేదు.

ఇక వీడియో. ఏడు పాటలకూ కలిపి అర్ధగంట వీడియో తీద్దామని డబ్బులు జమ చేసుకున్నాం. దసరా సెలవుల్లో షూటింగ్ అనుకున్నాం. ఆ ఒక్క పాట మళ్లీ పాడించేస్తే పోతుంది కదా అంటారు. అక్కడే చిక్కు. మెయిన్‌గా పాడిన పిల్లాడికి రికార్డింగ్ అప్పుడు పన్నెండేళ్లు. ఇప్పుడు గొంతు మారింది. పొద్దున ఒక తీరు, పొద్దుమూకితే ఒక తీరు. పల్లవి ఎత్తుకుంటే "రాగాలు" దగ్గర గొంతు జారిపోతుంది, వాడే నవ్వేస్తాడు, కానీ కండ్లల్ల నవ్వు ఉండదు. వేరే పిల్లలతో పాడిస్తే ఆ గొంతు రాదు. ఆ పాటంటే ఆ గొంతే.

పాట తీసేసి ఆరింటికే వీడియో తీయాలా? తప్పుతోనే తీయాలా? ఇంకేమన్నా దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

గిర్నిబావి_పోరడు:

అన్నా, పిల్లల పాటను పట్టుకుని ఇంత టెన్షనా? సినిమాలల్ల చరిత్రను ఎట్ల చూపిస్తున్నరో చూస్తలేవా? వదిలెయ్. పాట లింకు పెట్టు, వింటం.

---

పాలంపేట_పంతులు:

నేను ములుగు జిల్లాలో సైన్సు చెప్తాను. మా బడి నుంచి రామప్ప గుడి సైకిల్ మీద పోయేంత దూరం. కాబట్టి పై తమ్ముడు చెప్పినట్టు వదిలేయలేను.

ముందు విషయం. గుడి శాసనం 1213 నాటిది. కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. గణపతిదేవుడి కూతురే రుద్రమదేవి. ఆమె చేతికి పాలన వచ్చేసరికి ఆ గుడికి దాదాపు యాభై ఏళ్లు. రుద్రుడు, రుద్రమ. పేర్లు దగ్గరగా ఉండడంతో తికమక పడేవాళ్లు మీరొక్కరే కాదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మా ఊళ్లో కట్టిన ఫ్లెక్సీల్లోనూ రుద్రమ బొమ్మ చూశాను. వెయ్యి స్తంభాల గుడిది ఇంకో తికమక. అది కట్టించింది ఇంకో రుద్రదేవుడు, కాకతీయ రాజు, 1163లో. దాని మీద కూడా పాట ఉంటే ఇప్పుడే చూసుకోండి.

మీ ప్రశ్న చదవగానే నాకు ఒక అమెరికా బ్యాండు గుర్తొచ్చింది. దే మైట్ బీ జెయింట్స్ అని, న్యూయార్క్ వాళ్లు. మీ బ్యాండులా పిల్లలు వాయించేది కాదు, పెద్దవాళ్లే పిల్లల కోసం ఆల్బమ్‌లు చేశారు. 2009లో సైన్సు పాటల ఆల్బమ్ తెచ్చారు, దానికి జోడీగా వీడియో డిస్కు కూడా ఇచ్చారు. అందులో సూర్యుడి మీద ఒక పాట ఉంది. అది వాళ్లు రాసింది కాదు, 1959లో పిల్లల కోసం వచ్చిన అంతరిక్ష పాటల రికార్డులోది. సూర్యుడంటే మండే వాయువుల ముద్ద అని ఆ పాట చెబుతుంది. అది సరిగ్గా చెప్పినట్టు కాదు. సూర్యుడిలో పదార్థం ప్లాస్మా రూపంలో ఉంటుంది. ఆ వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి తిరుగుతుంటాయి. మరి వాళ్లేం చేశారంటే, పాత పాటను తీసేయలేదు. అదే ఆల్బమ్‌లో దాని వెనకాలే ఇంకో పాట పెట్టారు, సూర్యుడు వాయువు కాదు, ప్లాస్మా అని. తప్పూ ఉంది, దిద్దుబాటూ ఉంది.

నేను ఏటా ఎనిమిదో తరగతికి ఆ రెండూ వరసగా వినిపిస్తాను. ఇంగ్లీషు ముక్క అర్థం కాని పిల్లలకు కూడా, మొదటి పాట తప్పని రెండో పాట అంటోందని చెప్పగానే కండ్లు మెరుస్తాయి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం వాళ్లకు అంత అరుదు మరి.

కాబట్టి పాట తీసేయకండి. వీడియోనే దిద్దుబాటు చేయండి.

---

హుజూరాబాద్_వీడియో:

క్లారినెట్ అన్నా, మనం రెండు మూడు పెళ్లిళ్లల్ల ఎదురుపడే ఉంటాం. నువ్వు గుర్రం ముందు నడుస్తుంటావు, నేను కెమెరా పట్టుకుని వెనక్కి నడుస్తుంటాను.

పంతులు సార్ చెప్పింది బాగుంది. నేను పని సంగతి చెప్తా. ఎవరన్నా నీకు "రుద్రమ్మలో 'మ్మ' కోసేసి 'న్న' అతికించు, రుద్రన్న అయిపోతది" అని చెప్తారు. చెప్పకముందే చెప్తున్న, వద్దు. ఆడియోలో అతుకు దొరకకుండా చేసినా వీడియోలో దొరుకుతది. "మ్మ" అనేటప్పుడు పెదాలు మూసుకుంటాయి. "న్న" అనేటప్పుడు తెరిచే ఉంటాయి, నాలుక పళ్ల వెనకకు పోతది. అద్దం ముందు అని చూడు. దగ్గరి షాట్‌లో చిన్న పిల్లలు కూడా పట్టేస్తారు.

కానీ "రుద్రన్న" మాట మాత్రం బంగారం. "కట్టిన" అనేది ఆమెకైనా, ఆయనకైనా అదే కదా. మిగతా లైను ముట్టుకునే పని లేదు. పాడిన ట్రాక్, వాయించిన ట్రాక్ వేరువేరుగా ఉన్నాయా? మూడు మైకులు పెట్టానన్నావు కదా. ఉంటే ఆ ఒక్క మాట దగ్గర గొంతు ట్రాక్ ఆపేసి, పిల్లలందరితో "రుద్రన్న" అని అరిపించు. పాడడం కాదు, అరవడం. అరుపుకు శ్రుతితో పని లేదు, మారిన గొంతైనా సరిపోతది.

ఇంకో రెండు మాటలు. రామప్ప గుడి లోపల ట్రైపాడ్, లైట్లు పెట్టి షూటింగ్ చేస్తా అంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. డ్రోన్ అయితే మాట కూడా ఎత్తకు. తొమ్మిది మంది పిల్లలను, డ్రమ్ములను తోలుకపోయి గేటు దగ్గర నిలబడే బదులు చెరువు కట్ట మీదనో, మీ గల్లీలోనో తీయడం నయం. గదిలో తీస్తే ట్యూబులైట్లు చూసుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మిణుకుతది. కెమెరా షట్టర్ సెకనులో 50వ వంతో, వందో వంతో పెట్టకపోతే వీడియోలో నల్ల పట్టీలు కింది నుంచి మీదికి పాకుతుంటాయి. ఫోన్‌తో తీస్తే ఇంకో తలనొప్పి. ఫోన్ ఫ్రేములు ఒక్క లెక్కన రావు, వెలుతురును బట్టి మారుతుంటాయి. పాట మొదట్ల పెదాలు కలుస్తాయి, చివరికొచ్చేసరికి డప్పు దెబ్బ ఒక దిక్కు, చప్పుడు ఒక దిక్కు అయితది. ఎడిటింగ్‌కు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటది, ఫ్రీ, దాంట్ల వేసి స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకో.

---

కాజీపేట_క్లారినెట్:

వీడియో తమ్ముడూ, వెనక్కి నడుస్తూ హనుమకొండ చౌరస్తాలో ఒకసారి మా ఢోలాయన మీద పడ్డది నువ్వేనా? నువ్వే అయితే ఆయన ఇంకా మర్చిపోలేదు.

ట్రాకులు వేరువేరుగానే ఉన్నాయి. అరిపించడం బాగానే ఉంది. ఒక్కటే భయం. తప్పు పాడింది ఆ పిల్లాడి గొంతు. అందరూ కలిసి వాడి మాట మీద అరిస్తే, వాడిని తప్పుబట్టినట్టు కనిపించదా? అసలే గొంతు పోయిందని మనసు బాగాలేదు వాడికి.

---

వడ్డేపల్లి_అమ్మమ్మ:

నాయనా, నేను సంగీతం టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. చిన్నప్పుడు మా నాన్న ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉన్నప్పుడు రేడియోలో బాలానందంలో పాడాను. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. మాకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. ఒకసారి నేను రెండో చరణం మర్చిపోయి మొదటి చరణమే మళ్లీ పాడేశాను. బయటికి వచ్చి ఏడుస్తుంటే అక్కయ్య తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "వచ్చే వారం రెండో చరణం రెండుసార్లు పాడెయ్, లెక్క సరిపోతుంది" అంది. అరవై ఏళ్లు కావస్తోంది, ఆ మాట చెవిలో ఉంది.

నీ భయం నిజమే. తప్పు రాసింది నువ్వు, పాడింది వాడు. వీడియోలో దిద్దుబాటు ఉంటే అది నీ మీద పడాలి, వాడి మీద కాదు. నువ్వు కనపడు. నిన్ను పిల్లలు ఆపాలి. వీలైతే వాడే ఆపాలి.

గొంతు విషయం. పన్నెండు, పదిహేను ఏళ్ల మధ్య మగపిల్లల్లో స్వరపేటిక పెరుగుతుంది, స్వర తంతువులు పొడవవుతాయి, మందమవుతాయి. అందుకే అదుపు తప్పుతుంది. అది జబ్బు కాదు. ఈ కాలంలో పాత శ్రుతిలో పాడమని బలవంతం చేయకు, ఒత్తిడి పెడితే గొంతు గరుకెక్కుతుంది. అట్లాగని పాట మాన్పించకు. కింద శ్రుతిలో, అందినంత వరకు, చిన్న చిన్న పాటలు పాడించు. కొన్ని నెలలకో ఏడాదికో కుదురుకుంటుంది. నా దగ్గర అట్లా కీచుమంటూ వచ్చిన పిల్లలు ఎందరో. వాళ్లలో ఒకతను ఇప్పుడు గుళ్లో సుప్రభాతం చదివితే వీధి చివరికి వినిపిస్తుంది.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. ఆడియోలో పిల్లల మొహాలు లేవు, వీడియోలో ఉంటాయి. తొమ్మిది మంది తల్లిదండ్రుల దగ్గరా కాగితం మీద సంతకం తీసుకో. నోటి మాట చాలదు, ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లల్లో. పేరు, బడి, గల్లీ తెరమీద వేయకు. బడి యూనిఫాం వేసి తీయకు, బ్యాడ్జి మీద అంతా రాసి ఉంటుంది.

---

గిర్నిబావి_పోరడు:

సరే సరే, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్న. మొన్న మా చెల్లె బిడ్డకు ఆ పాట వినిపించిన, రామప్ప గుడి ఎవరు కట్టిండ్రంటే ఠక్కున రుద్రమ్మ అంది. పాటతోని ఎక్కింది ఊడదు.

అన్నా, ఆడియో కింద కామెంట్ పెడదామంటే బాక్సే రావట్లేదు. బందు చేసినవా?

---

పాలంపేట_పంతులు:

ఆయన బందు చేయలేదు తమ్ముడూ. "పిల్లల కోసం తయారుచేసినది" అని గుర్తు పెడితే యూట్యూబే కామెంట్లు ఆపేస్తుంది. పిల్లల సమాచారం సేకరించారని 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్ల మీద 17 కోట్ల డాలర్లు కట్టించింది, 2020 జనవరి నుంచి ఈ పద్ధతి వచ్చింది. పిల్లల పాటకు ఆ గుర్తు పెట్టడమే సరైనది. మార్చకండి.

క్లారినెట్ గారూ, దీని వల్ల మీకు ఒక చిక్కుంది. పెట్టిన ఆడియోలో తప్పుందని ఎవరూ కింద రాయలేరు. అదే లింకు ఉంచి లోపలి ఆడియో మార్చుకోవడమూ యూట్యూబ్‌లో కుదరదు. కాబట్టి ఆడియో కింద వివరణ రాసే చోట మీరే రెండు ముక్కలు రాసి, వీడియో అయ్యాక దాని లింకు ఇవ్వండి.

ఇటుక సంగతి ఎట్లా చూపిస్తారు? తేలే ఇటుక అని పాడతారు కదా. గుడి ఇటుక ముట్టుకోవడానికి లేదు. కొత్త బిల్డింగులకు వాడే తెల్ల ఏఏసీ బ్లాకు తెచ్చుకోండి. లోపలంతా గాలి బుడగలే, నీటికంటే సాంద్రత తక్కువ, బకెట్లో వేస్తే తేలుతుంది. మామూలు ఎర్ర ఇటుక మునుగుతుంది. పక్కపక్కన రెండు బకెట్లు పెడితే సంగతి మాట లేకుండా తెలుస్తుంది. అయితే అది రామప్ప ఇటుక కాదని తెరమీద రాయండి దయచేసి. ఒక తప్పు దిద్దబోయి ఇంకోటి చేయొద్దు.

---

కాజీపేట_క్లారినెట్ (దసరా తర్వాత):

అందరికీ ఆలస్యంగా నమస్తే. షూటింగ్ అయింది. ఎడిటింగ్ సగం అయింది. మధ్యలో రెండు వాన రోజులు పోయాయి. డప్పు మెత్తబడి మోగలేదు, గడ్డి కాల్చి వేడి చేసేసరికి చుట్టుపక్కల వాళ్లు ఏమైందోనని బయటికి వచ్చారు.

రామప్పకు పోలేదు. అనుమతి కాగితం నా వల్ల కాలేదు, ఒప్పుకుంటున్నా. గుడిని మరాకస్ పిల్లాడు సుద్దముక్కతో గల్లీలో సిమెంటు రోడ్డు మీద గీశాడు. శిఖరం నుంచి మెట్ల దాకా పన్నెండు అడుగులు. నక్షత్రం ఆకారం అరుగు కూడా వచ్చింది, ఒక మూల ఎక్కువైంది. పిల్లలు దాని చుట్టూ కూర్చుని వాయించారు. వీడియో తమ్ముడు హుజూరాబాద్ నుంచి తన బండి మీద వచ్చి, మా మేడ మీది నుంచి తీశాడు. పైసలు తీసుకోలేదు. ఢోలాయనకు క్షమాపణ చెప్పి టీ తాగి పోయాడు.

అమ్మమ్మ గారు చెప్పినట్టు ముందు ఆ పిల్లాడినే అడిగాను. పాత గొంతుకు పెదాలు కలుపుతావా అంటే వద్దన్నాడు. "మామా, అది నేను కాదు, మా తమ్ముడు లెక్క వినిపిస్తున్నడు" అన్నాడు. మరి ఏం చేద్దామంటే రెండు రోజులు ఆలోచించి వాడే చెప్పాడు.

ఇప్పుడు వీడియోలో ఎట్లుందంటే, మొదట వాడు ఒక్కడే మెట్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటుంటాడు. మనకు వాడి పాత గొంతు వినపడుతుంది. "రుద్రమ్మ కట్టిన" అనగానే ఇయర్‌ఫోన్ పీకేస్తాడు. పాట ఆగుతుంది. నేను పక్కనే రీడు గీక్కుంటూ ఉంటాను. "మామా, ఇది నువ్వు రాసిందేనా?" అంటాడు, కొత్త గొంతుతో, మధ్యలో కీచుమంటుంది అది కూడా. నేను "అవును" అంటాను. "రుద్రమ్మ కాదు, రేచర్ల రుద్రుడు. 1213" అంటాడు. నాకు నటన రాదు. ఏమనాలో రాసిచ్చిన కాగితం మర్చిపోయి, "మరి నేను తొమ్మిదే కదా చదివింది" అన్నాను. పిల్లలు నిజంగానే నవ్వారు. అదే ఉంచేశాం.

అక్కడి నుంచి పాట మళ్లీ మొదలు. పల్లవి నాలుగుసార్లు వస్తుంది, నాలుగుసార్లూ తొమ్మిది మందీ "రుద్రన్న!" అని అరుస్తారు. మూడోసారి క్లారినెట్ పిల్ల నోట్లోంచి క్లారినెట్ తీసి అరిచి, మళ్లీ సరిగ్గా తాళానికి అందుకుంది. మూడుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి కుదిరింది. ఆ షాట్ కోసమైనా చూడండి.

బకెట్లు కూడా పెట్టాం. ఎర్ర ఇటుక వేస్తే నీళ్లు ఎగిరి కీబోర్డు మీద పడ్డాయి. రెండు మెట్లు పలకడం లేదు, ఆరబెట్టాం. తెల్ల బ్లాకు తేలింది. "ఇది రామప్ప ఇటుక కాదు" అని అట్ట మీద రాసి పట్టుకున్నాడు మరాకస్ పిల్లాడు. వాడు అది పట్టుకుని అంత సీరియస్‌గా ఎందుకు నిలబడ్డాడో నాకిప్పటికీ అర్థం కాలేదు.

సంతకాలు ఎనిమిదిళ్ల నుంచి వచ్చాయి. ఒక ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి వాయించేటప్పుడు చేతులు మాత్రమే తీశాం.

మిగిలింది పెన్‌డ్రైవ్‌ల సంగతి. పోయిన నూట పన్నెండులో డెబ్బై దాకా ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. వాళ్లకు ఫోన్ చేసి, తెచ్చిస్తే కొత్త వీడియో ఎక్కించి ఇస్తానని చెబుతున్నా. పరకాలలో ఒకాయన, "నాకు తప్పుదే కావాలి, రెండూ ఉంచు" అన్నాడు. అట్లనే ఇచ్చాను. హసన్‌పర్తి బడికి మాత్రం నేనే పోతాను. ఆ ఐదో తరగతి పిల్లకు ముందు చూపించి, ఇంకేమన్నా తప్పు పడితే అప్పుడే చెప్పమంటాను.

పంతులు గారూ, వెయ్యి స్తంభాల గుడి మీద కూడా ఒక పాట ఉంది, ఆరోది. అందులో రాజు పేరు రాయలేదు, బతికిపోయాను. కానీ "వెయ్యికి ఒక్కటి తక్కువ లేదు" అని ఒక లైను ఉంది. పిల్లలు పోయిన ఆదివారం హనుమకొండ పోయి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మండపం సగం కూడా కాకముందే ఇద్దరికి లెక్కలు కలవక లొల్లి అయింది. మళ్లీ పోతారట.